గొంగడికి కత్తెర

మార్గశిరం చలికి ఆ పొద్దున ఊరంతా మసకమసకగా ఉంది. బీరన్న వాకిట్లో ముళ్ళకంచె తీసి గొర్రెల మందను బయటికి వదులుతున్నాడు. లోపల అతని కూతురు స్నేహలత తాండూరు బస్సు తప్పిపోతుందేమోనని నిలబడే రొట్టె తింటోంది. తాండూరులో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఆమె ఉద్యోగం. మాఘమాసంలో పెళ్ళి. కొడంగల్ దగ్గరి శ్రీశైలం అనే అబ్బాయితో మాట ఖాయమైంది.

తల్లి జంగమ్మ పెళ్ళి సామాన్లను ఒక్కొక్కటిగా బయటికి తీస్తోంది. చెక్కపెట్టె మూత లేపిన చప్పుడైంది. తరువాత చీరలన్నీ తీసి కుప్ప వేస్తున్న అలికిడి.

"స్నేహా! పెట్టెల గొంగడి ఏడున్నదే?"

స్నేహలత చేతిలోని రొట్టెను కింద పెట్టింది.

"ఏ గొంగడమ్మా?"

"ఏ గొంగడంటవేందే? మనింట్ల పది గొంగడ్లున్నయా? మీ నాయినమ్మ వడికిన నల్ల గొంగడి. పెట్టెల ఉత్త చీరలే కనవడుతున్నయ్."

ఆ ఇంట్లో గొంగడి అంటే అదొక్కటే. తమ నల్లగొర్రెల ఉన్నిని నాయనమ్మ తన చేత్తో వడికితే, దాన్ని రెండు పొడవాటి పట్టీలుగా నేయించి నడుమ కలిపి కుట్టారు. బీరన్న, జంగమ్మ పీటల మీద కూర్చున్నది ఆ గొంగడి పరిచే. స్నేహలత పుట్టినప్పుడు మొదట పడుకోబెట్టిందీ దాని మీదే. ఎంత పాతదైనా, ఎంత చినిగినా గొంగడికి కత్తెర తగలనివ్వకూడదని నాయనమ్మ పట్టింపు. గొర్రె ఒంటి మీద ఉన్నంతవరకే ఉన్నికి కత్తెర పెట్టాలనేది. చినిగిన గొంగడిని చివరికి గొర్రెపిల్లల కింద పరిచేవాళ్ళే గాని, ముక్కలు చేసేవాళ్ళు కాదు.

"తాండూర్ల ఇచ్చిన," అంది స్నేహలత మెల్లగా.

"తాండూర్ల ఎవలకు?"

"టైలర్‌కు. ఏసుదాసన్నకు."

వాకిట్లో బీరన్న కర్ర చప్పుడు ఆగిపోయింది. అతను తల వంచి గడపలోకి వచ్చాడు.

"గొంగడితోని టైలర్‌కు ఏం పనే?"

ఇక దాచి లాభం లేదు. స్నేహలత తన సంచిలోంచి ఒక నల్లటి కోటు తీసి మంచం మీద పెట్టింది. మోకాళ్ళ పైదాకా ఉంది. ముందు జిప్పు, లోపల ఎర్రటి అస్తరు. నిన్న సాయంత్రం దాన్ని తొడుక్కొని ఏసుదాసు దుకాణంలో అద్దం ముందు నిలబడినప్పుడు ఆమె ఎంత మురిసిపోయింది! ఇప్పుడు అదే కోటు మంచం మీద ఎవరో ముడుచుకొని పడుకున్నట్టు కనిపించింది.

బీరన్న వంగి కోటు అంచును వేళ్ళతో తడిమాడు. అంచు దగ్గర తెగిన పోగులు అతని వేళ్ళకు తగిలాయి.

"కత్తెర ఎవడు పెట్టిండు?"

"నేనే పెట్టమన్న."

అతను కోటును చేతిలోకి తీసుకున్నాడు. గడప దాటాడు. ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. కోటు పోయి ముళ్ళకంచెకు తట్టుకుంది. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ మనిషిలా అక్కడే వేలాడింది. గొర్రెలు బెదిరి పక్కకు జరిగాయి.

"నాయినా!"

"నాయినా అనకు! మా అమ్మ ఎముకలు తీసి నరికినట్టున్నది నాకు. ఎందుకు కోసినవే? గీ చలికి కోటు లేక చస్తున్నవా?"

"ఈడి చలికి కాదు. అల్మాటీ చలికి."

జంగమ్మ చేతిలోని చీర జారిపోయింది. అల్మాటీ అనే పేరు ఆ ఇంట్లో ఇంతకుముందు ఒక్కసారే వినిపించింది. దసరా తరువాత స్నేహలత భయపడుతూ భయపడుతూ అడిగింది. స్నేహితురాలు భవ్యశ్రీతో కలిసి కజకిస్తాన్‌లోని ఆ పెద్ద పట్నం చూసొస్తానని. పెండ్లయినంక మొగనితోని పో అని బీరన్న ఒక్క మాటలో తేల్చేశాడు. ఆమె మళ్ళీ ఎత్తలేదు. అందుకే అతను ఆ సంగతి అయిపోయిందనుకున్నాడు.

అయిపోలేదు. ప్రతి ఆదివారం స్నేహలత తాండూరులో రైలెక్కి వికారాబాద్ పోయేది. భవ్యశ్రీ వాళ్ళ మేడ మీద ఇద్దరూ ఒకే ఫోను మీద తలలు ఆనించి కూర్చునేవాళ్ళు. చలి ఎక్కువ ఉన్నప్పుడు అక్కడికి పోయేవాళ్ళు తక్కువ కాబట్టి టికెట్లు చవక. ఢిల్లీదాకా రైలు, అక్కడి నుంచే విమానం. గది మొత్తం కాకుండా నలుగురు పడుకునే గదిలో రెండు మంచాలు. హోటల్ తిండి బదులు సజ్జ రొట్టెలు, పల్లీల పొడి, ఉప్మా రవ్వ. కొద్ది రోజులే కాబట్టి వీసా కూడా అక్కర్లేదు. పుష్యంలో ముహూర్తాలుండవు, ఆమె లేకపోయినా పెళ్ళి పనులూ ఆగవు. అన్నీ కుదిరాయి. కుదరనిది చలికోటు ఒక్కటే. దాని ఖరీదు చూస్తే కళ్ళు తిరిగాయి.

అప్పుడే భవ్యశ్రీ తల్లి అరుణాదేవి టీ గ్లాసులు పట్టుకొని పైకి వచ్చింది. "మీ అన్న ప్రణయ్ పాత కోటు ఉన్నది గదనే, మూలకు పడేసింది. అదియ్యి, పాపం, ఈ పిల్లకు," అంది. మంచి మనసుతోనే అంది. కానీ ఆ 'పాపం' అన్న మాట స్నేహలత ఒంట్లో సూదిలా దిగింది. "అక్కర్లేదు ఆంటీ, మా ఇంట్ల మస్తు వెచ్చటిది ఉన్నది," అనేసింది. అన్నాక గొంగడి గుర్తొచ్చింది.

ఇదంతా ఆమె ఇప్పుడు తండ్రికి చెప్పలేకపోయింది. చెప్పగలిగింది ఒక్కటే.

"టికెట్లు అయిపోయినయ్ నాయినా. పుష్యంల పోతున్న."

"నేను వద్దన్న గదనే!"

"శ్రీశైలంకు చెప్పిన. పోయి రా అన్నడు."

ఆ మాట బీరన్నకు చెంపదెబ్బలా తగిలింది.

"ఓహో! ఇంకా తాళి కట్టనోనికి చెప్పినవ్. పెంచినోనికి చెప్పలే!"

"నీకు మొదలే చెప్పిన. నువ్వు ఇన్లే."

"ఇన్లే గాదు, వద్దన్న! ఆడిపిల్లవు, దేశం గాని దేశం పోయి ఏం చేస్తవ్? అక్కడెవరున్నరు నీకు?"

ఎప్పుడూ తండ్రి ముందు గొంతెత్తని పిల్ల. బస్సులో ఎవరైనా కాలు తొక్కినా తనే జరిగి నిలబడే పిల్ల. ఆ పొద్దున మాత్రం ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"సేడంల నీకెవరున్నరు? గుర్మిట్కల్‌ల ఎవరున్నరు? యాద్గిర్ దాకా మందను తోలుకొని పోతుంటివి గదా, అక్కడెవరున్నరు? ఎండలు ముదిరేదాకా ఇంటి మొఖం చూడకపోతుంటివి. అమ్మ ఒక్కనాడన్న నిన్ను అడిగిందా, ఎందుకు పోతున్నవని?"

"అది బతుకుదెరువే! గొర్లు మేయాలె!"

"ఎవల చేన్ల మంద పెట్టాలె, నీళ్ళేడున్నయ్, రాత్రి ఏడ పండాలె, ఏం కట్టుకొని పోవాలె, అన్నీ ముందే చూసుకొని పోతుంటివి. నేను గూడ గంతే చేసిన. నయా పైస నిన్ను అడగలే. ఇంక, తిరగాలెనని నాకు ఎవరు నేర్పిన్రు? నువ్వు కాదా?"

"నేనా?"

"నువ్వే! తిరిగొచ్చి పొయ్యికాడ కూసోని చెప్తుంటివి. వాళ్ళ రొట్టె గిట్లుంటది, వాళ్ళ కన్నడం గిట్లుంటది, గా వాగు గింత పెద్దదని. నేను నీ ఒళ్ళె పండుకొని ఇంటుంటి, గదే గొంగడి కప్పుకొని. అల్మాటీ దిక్కున్నోళ్ళు గూడ మనలెక్క గొర్లోళ్ళే నాయినా. ఉన్నితోని గుడారాలే కట్టుకుంటరంట. ఫోన్ల చూసిన. అందుకే గా ఊరు కావాల్నన్న."

ఒక్క క్షణం బీరన్న మొహంలో ఏదో మెత్తబడింది. అంతలోనే కంచె మీది కోటు వైపు చూశాడు. కోపం మళ్ళీ ఎగదన్నింది.

"తిరుగు! ఎంత దూరమన్న పోయి తిరుగు! గాని మా అమ్మ వడికినదాన్ని ముక్కలు చేయనీకి నీకు చేతులెట్ల వచ్చినయే? అసుంటిది మల్లొకటి తెస్తవా? ఏడ తెస్తవ్? గీ చుట్టుపక్కల ఒక్క నల్లగొర్రె ఉన్నదా?"

"లేదు."

ఆ మాట అన్నది స్నేహలత కాదు. జంగమ్మ. అప్పటిదాకా పెట్టె పక్కన కూలబడిన మనిషి లేచి వచ్చింది.

"ఒక్కటి గూడ లేదు. ఎందుకు లేదో బిడ్డకు చెప్పు."

"నువ్వు నడుమల రాకు జంగమ్మా."

"ఎందుకు రావద్దు? నల్లగొర్లను లారీల ఎక్కించినప్పుడు నన్నడిగినవా? మా అత్తనడిగినవా? ఎర్రగొర్లయితే జల్ది పెరుగుతయ్, కటికోళ్ళు మస్తు పైసలిస్తరంటివి. గా ఎర్రదానికి చిటికెడు ఉన్ని రాదని మా అత్త మొత్తుకుంటే ఇంటివా? వడుకు పక్కకు పెట్టి గోడ దిక్కు తిరిగి పండుకున్నది ముసల్ది. మల్ల ముట్టలే. సచ్చేదాక ముట్టలే."

"అప్పుడు మనకు గత్యంతరం లేకుండె..."

"లేకుండె, ఒప్పుకుంట. గాని ఇయ్యాల బిడ్డనొక్కదాన్ని పట్టుకొని కత్తెర కత్తెర అనకు. పెద్ద కత్తెర నువ్వే పెట్టినవ్. ఇది మిగిలిన ముక్క కోసింది."

తరువాత జంగమ్మ కూతురి వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది.

"నువ్వు మాత్రం ఏం తక్కువ తిన్నవ్? నోరు లేదా? అమ్మా, గిట్ల కోటు కావాలె అని నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోతుండె? దొంగలెక్క పెట్టె తీసినవ్. పో, ఇద్దరూ పోన్రి నా ముందలకెల్లి!"

బీరన్న కర్ర తీసుకొని మంద వెనక నడిచిపోయాడు. ఎర్రటి గొర్రెల మధ్య అతని తెల్ల తలపాగా దూరమైంది. స్నేహలత కోటు వైపు చూడకుండా బస్సు స్టాండుకు పోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆమెకు ఏడుపొచ్చింది. తండ్రి మీద కోపం తగ్గలేదు. కానీ నాయనమ్మ గోడ వైపు తిరిగి పడుకున్న సంగతి ఆమెకు ఇంతవరకు తెలియదు. ముసలామె ఒళ్ళు బాగాలేక పడుకుందనే అనుకుంది చిన్నప్పుడు. వడకడం మానేసిన మనిషి చేతి వడుకులో మిగిలినదాన్ని తను ముక్కలు చేయించింది.

ఆఫీసు అయ్యాక ఆమె నేరుగా ఏసుదాసు దుకాణానికి పోయింది. "అన్నా, గొంగడిల మిగిలింది పారేసినవా?" అని గాభరాగా అడిగింది.

"పారేస్తనా చెల్లే? నడుమ కుట్టు ఇప్పి ఒక్క పట్టీనే కోసిన. రెండోదానికి కత్తెర మొన గూడ తాకలే. నువ్వే తొందరల మర్చిపోయి పోతివి," అంటూ అతను మడతపెట్టిన పట్టీని చేతికిచ్చాడు. ఆమె దాన్ని గుండెకు హత్తుకొని బస్సెక్కింది. పట్టీలో ఇంకా పొయ్యి పొగ వాసన ఉంది.

ఆమె ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. కంచె మీద కోటు లేదు. మంట పెట్టాడేమో! జంగమ్మ పొయ్యి ముందు రొట్టె కొడుతూ తల ఎత్తకుండానే పెరటి వైపు గడ్డం ఊపింది.

పెరట్లో బీరన్న బండ మీద కూర్చున్నాడు. ఒళ్ళో కోటు. చేతిలో గోనెసంచులు కుట్టే పెద్ద సూది. పక్కన నల్లటి ఉన్ని దారపు ఉండ. ఏళ్ళ తరబడి దూలం సందులో ఉండిపోయిన నాయనమ్మ దారం అది. దాన్ని ఎవరూ కిందికి దించలేదు. ముళ్ళకు చినిగిన కోటు చేతిని అతను అప్పటికే కుట్టేశాడు. ఇప్పుడు తెగిన అంచుల మీద దగ్గర దగ్గరగా కుట్లు వేస్తున్నాడు.

"మిషన్ కుట్టు ఉన్నికి ఆగదు," అన్నాడు ఆమెను చూడకుండానే. "నాలుగు దినాలకు పోగులు పోగులు ఊడొస్తది. గా మంచుల పోయి చలికి సస్తవా?"

స్నేహలత అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. దొర్లిపోతున్న దారపు ఉండను పట్టుకుంది.

"నా కోపం పోలే," అన్నాడు.

"నాది గూడ పోలే," అంది ఆమె.

బీరన్న మీసాల కింద పెదవులు కొద్దిగా కదిలాయి.

"మీ అమ్మది అసలే పోలే. పొద్దుటికెల్లి నాకు మంచినీళ్ళు గూడ ఇయ్యలే." సూదిని మళ్ళీ గుచ్చాడు. "గా ఊర్ల గొర్లుంటయంటివి గదా. నల్లయా, తెల్లయా?"

"తెల్వది నాయినా."

"తెల్వకుంటనే పోతున్నవా? చూసి రా. వచ్చినంక పొయ్యికాడ కూసోని చెప్పు. ఇప్పుడు ఇనేది నా వంతు."

స్నేహలత సంచిలోంచి రెండో పట్టీని తీసి నేల మీద పరిచింది. సన్నగా, పొడవుగా, ఒక పక్క కుట్టు విప్పిన గుర్తులతో అది బోసిగా కనిపించింది. పొయ్యి ఆర్పేసి వచ్చిన జంగమ్మ దాన్ని చూసి నిట్టూర్చింది.

"గీదాని మీద ఇద్దరెట్ల కూసుంటరు పెండ్లి నాడు?"

"జర దగ్గర కూసుంటరు," అన్నాడు బీరన్న. "మనలెక్క ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూసోరు."

జంగమ్మకు నవ్వొచ్చింది. వద్దనుకున్నా వచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాయినమ్మా, తప్పయింది," అని స్నేహలత తనలో తాను గొణుక్కోవడం విని, బిడ్డ తల మీద చెయ్యి వేసింది.

ఆఖరి కుట్టు పడింది. బీరన్న ముడి వేసి దారం లాగి పట్టుకున్నాడు. జంగమ్మ లోపలికి పోయి కత్తెర తెచ్చి అతని ముందు పెట్టింది. అతను దాని వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. కోటును మొహం దాకా ఎత్తుకొని దారాన్ని పళ్ళతో కొరికాడు.