నీలం నాలుక

ఇటు జరగండి, ఇంకాస్త దగ్గరికి. సుభద్ర కథ గట్టిగా చెప్పుకునేది కాదు.

రెండువేల ఇరవై మూడులో సోనాపూర్ కూలీల క్యాంపు వెనక ఇసుకలో ఒక శవం దొరికింది. పేరు రాజశేఖర్. దుబాయ్‌లో పాత జపాన్ బట్టలు అమ్మే షోరూంలో ఇస్త్రీ పని. అది పైకి. లోపల మన గూఢచారి. కుడిచేతి బొటనవేలు లేదు. ప్రాణం ఉండగానే కోశారని డాక్టర్ రాశాడు.

ఆ ఉదయం తొమ్మిదికి అక్కడే ఉన్న మన ఇంకో గూఢచారి సుభద్రకు ఫోన్ వచ్చింది. ఆమె పై అధికారిని అందరూ ముదీర్ అంటారు, అరబ్బీలో మేనేజర్ అని. అసలు పేరు ఆయన భార్యకైనా తెలుసో లేదో.

"మన ఆఫీసు నుంచి ఏడు పేర్లు పోయాయి. విదేశీ ముఠాలో మనకోసం పనిచేసే ఏడుగురివి. వాటిని అమ్మిన దొంగ ఆఫీసులోనే దొరికాడు కానీ నోరు విప్పకుండా చచ్చాడు. పదకొండింటికి రాజశేఖర్ పనిచేసిన షోరూంలో లిస్టు చేతులు మారుతుంది. ఏ రూపంలోనో తెలీదు."

"మారితే?"

"సాయంత్రానికి ఏడు శవాలు. లోపల అయేషా ఉంది, మన ఏజెంటే. కోడ్ 'చెద పట్టిందా?' జవాబు 'వేపాకు పెట్టాను.'"

సుభద్ర ముందు మార్చురీకి పోయింది. మన మనిషే, నర్సు మరియకుమారి దుప్పటి తీసింది.

"ఫోన్ తెరవడానికి వేలు కోసుంటారని పోలీసులంటున్నారండి. కానీ ఈ నాలుక చూడండి, నీలంగా లేదూ? విషమేమోనండి."

సుభద్ర వంగి ఆ నాలుక చూసింది. పోచంపల్లి దగ్గర మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. పాత బట్ట అని ఎవరైనా తెస్తే వాళ్లింట్లో బొటనవేలు నాలుకకు రాసి బట్టమీద రుద్దేవారు. మళ్లీ నాలుకకు రాసి మళ్లీ రుద్దేవారు. నూరేళ్లు ఉతికిన నీలిమందు వేలికి అంటదు. కొత్తదైతే అంటుకుంటుంది. రాజశేఖరూ అలాంటి ఇంటివాడే. నీలం అంటిన వేలు కోసినవాళ్లకు నాలుక సంగతి తెలియదు పాపం.

"విషం గాదు చెల్లె, పాతదని పెట్టిన కొత్త బట్ట నీలం. లిస్టు బట్టల ఉన్నది. నేల కడిగే బ్లీచింగ్ నీళ్లు ఉన్నయా?" అంటూ సుభద్ర తన సెంటు సీసా ఖాళీ చేసింది.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా సుభద్ర షోరూంలో ఉంది. మెడలో ముత్యాలు, చేతిలో సెంటు సీసా, పాత బట్టలు సేకరించే హైదరాబాద్ శ్రీమంతురాలి వేషం. అయేషా ఎదురొచ్చింది. పట్టుబట్ట జారినట్టు నడిచేదట.

"చెద పట్టిందా?"

"వేపాకు పెట్టాను దీదీ. రండి."

బల్లమీద కిమోనో, జపాన్ వాళ్ల పొడుగాటి అంగీ. నీలం మీద చిన్న గీతలు, పెద్ద గీతలు. నూలును ముందే ముడులు కట్టి, రంగులో ముంచి నేసినది. జపాన్ వాళ్లు కసూరి అంటారు, మన పోచంపల్లి పనికి అక్కచెల్లెలు. నూటయాభై ఏళ్లదని చీటీ ఉంది. అవతల తెల్ల గ్లవ్స్ వేసుకున్న విదేశీ ముఠా ఆసామి కెమెరా ఉన్న భూతద్దం తుడుచుకుంటున్నాడు.

సుభద్ర చెయ్యి ఎత్తింది. ఇంకా నోటిదాకా పోలేదు.

"అరే దీదీ, ఎంగిలి చెయ్యకండి!" అయేషా ఆమె మణికట్టు పట్టుకుంది.

సుభద్ర నవ్వింది. "నేనింక చెయ్యనే లేదు. చేస్తనని నీకెట్ల తెలుసు? రాజశేఖర్ చేసినప్పుడు చూసినవా?"

అయేషా పెదవులు తెల్లబడ్డాయి. ఆసామి భూతద్దాన్ని మొదటి వరుస మీదికి తెచ్చాడు. ఆ చిన్న గీతలు, పెద్ద గీతలు పాత తంతి ఆఫీసుల టెలిగ్రాం భాష, వరుసకొక పేరు. సుభద్ర బ్లీచింగ్ నీళ్లు నింపిన సెంటు సీసాను కిమోనో మీద నొక్కింది. కెమెరా క్లిక్‌మనేసరికి నీలం కరిగి తెల్లబడింది. ఫోటోలో ఉత్త తెల్ల గుడ్డ.

షోరూం నిండా గిరాకీ. అందరి ముందు ఆసామి సుభద్రను ఏమీ చేయలేడు. అయేషా భుజం మీద మాత్రం మెల్లగా చెయ్యి వేశాడు.

"పేర్లు నీకు గుర్తుంటాయి కదా?"

"నాకు సీలు వేసిన ప్యాకెట్టే ఇచ్చారు సార్, పేర్లు నేను చూడలేదు, కసం, ఒట్టు! దీదీ, నన్నూ తీసుకుపో. వీళ్లు నమ్మరు!"

"ఆయనకు నీ బొటనవేలు చూపియ్యి," అని సుభద్ర వెనక్కి చూడకుండా పోయింది.

మూడోరోజు మార్చురీకి ఇంకో శవం వచ్చింది, ఆడమనిషిది. మరియకుమారి అలవాటుగా నోరు తెరిచి చూసింది. నాలుక శుభ్రంగా ఉంది. వేళ్లే, పదింటిలో ఒక్కటీ లేదు.

ముదీర్ రిపోర్టులో ఒకే వాక్యం రాశాడట: "కిమోనో పాతది కాదు."

ఇది గుర్తు పెట్టుకుని ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు రాజశేఖర్ పేరు మరవకండి. బతికున్న ఆ ఏడుగురికీ ఆ పేరు తెలియదు.