మూడోసారి అడిగిన క్షమాపణ

"నాకు ఆఖరి ప్రార్థన చదివించండి" అని పెర్లా అన్న క్షణాన గదిలో ఉన్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొడుకు లియాన్, కూతురు రోజలిన్, కోడలు తిర్జా. ఊపిరితిత్తుల్లో కాస్త నిమ్ము చేరిందనీ, చలికాలం పోతే అదే సర్దుకుంటుందనీ ఇన్నాళ్ళూ ఆమెకు చెప్పుకొస్తున్నారు. నిమ్ముకు ఎవరైనా పోయేవాళ్ళ వార్డులో మంచం వేయిస్తారా! పక్క గదిలో వారానికో కొత్త మనిషి వస్తుంటే, పాత మనిషి ఎక్కడికి పోయిందో ఎనభై ఎనిమిదేళ్ళ పెర్లాకు తెలియదా! ఆ ఇంట్లో తెలివంతా ముసలమ్మకే వచ్చింది, పిల్లలకు మిగల్లేదు.

రోజలిన్ చెవులు మూసుకుంది. అలాంటి మాటలు అనకూడదంది, డాక్టర్లు ఎంతో ఆశగా ఉన్నారంది, కళ్ళు ఒత్తుకుంది. కోటు మాత్రం విప్పలేదు. ఆమె తల్లి దగ్గరికి ఎప్పుడొచ్చినా కోటు విప్పదు, పది నిమిషాల్లో మళ్ళీ వేసుకోవాలి కదా అని కాబోలు! మన కాల్‌ఫీల్డ్ పేటలో ఆమెను ఎరగని యూదు కుటుంబం లేదు. మన ప్రార్థనామందిరం సినగాగునూ, ఆస్పత్రినీ, వృద్ధుల సంఘాన్నీ ఒక్క తాటి మీదికి తెచ్చి, చావుకు దగ్గరైన మనవాళ్ళ మంచం పక్కన కూర్చోవడానికి మతగురువులైన రబ్బీలనూ, మామూలు మనుషులనూ పంపే కమిటీ పెట్టింది ఆవిడే. 'ఆఖరి రోజుల్లో ఎవరూ ఒంటరి కాకూడదు' అని ఆమె ఫోటో కింద రాసి మన పత్రికలో వేశారు. అమ్మకు కూడు పెట్టనివాడు పిన్నమ్మకు బంగారు గాజులు చేయిస్తానన్నాడట... అలాగుంది ఆవిడ సేవ.

ఆ కమిటీ పంపిన రబ్బీ నోసన్ మర్నాడు వచ్చాడు. మెత్తని మనిషి. ప్రార్థన చదివితే అమ్మ భయంతోనే పోతుందని రోజలిన్ దారిలోనే పట్టుకుని చెప్పింది. ఇది చదివినవాళ్ళు ఎందరో లేచి ఇంటికి వెళ్ళారని రోగికి ముందుగా చెప్పడమే ఆచారమని ఆయన నెమ్మదిగా చెప్పాడు. అయితే దానికన్నా ముందు ఇంకో పని ఉందన్నాడు. తోటి మనుషులకు చేసిన తప్పును దేవుడు కూడా మాఫీ చేయలేడు, ఆ మనుషులనే అడగాలి.

"నేనెవరికీ ఏ తప్పూ చేయలేదు" అంది పెర్లా. కిటికీ దగ్గర దుప్పటి మడతపెడుతున్న తిర్జా వైపు గడ్డం ఎత్తి చూపించింది. "దానికి తప్ప."

తిర్జా బల్లరాట్ అనే ఊళ్ళో చర్చి పిల్లగా పుట్టింది. లియాన్ కోసం కాదు, అతన్ని కలవకముందే మూడేళ్ళు చదువుకుని యూదురాలైంది. పెర్లాకు అదేం పట్టలేదు. కోడలి వంట మతనియమం ప్రకారం శుద్ధం కాదని ఇరవై ఏడేళ్ళు కొడుకింట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు. అదొక ఎత్తు, ఇదొక ఎత్తు. మనవడి పదమూడేళ్ళ వేడుకనాడు, తిర్జా వారంరోజులు నిలువుకాళ్ళ మీద నిలబడి వండిన భోజనం ముందు, హాలునిండా జనం చూస్తుండగా, పెర్లా చేతిసంచిలోంచి ఇంటినుంచి తెచ్చుకున్న తన భోజనం డబ్బా తీసి మూత తెరిచింది. "మతం మారినంత మాత్రాన వంట మారుతుందా" అంది, నాలుగు బల్లల అవతలికి వినపడేలా. జనం ఫోర్కులు కింద పెట్టేశారు. ఆ రోజు తిర్జా వంటగదిలోకి వెళ్ళి ఎంత ఏడ్చిందో ఆ గిన్నెలకే తెలుసు... మతంలోకి వచ్చినవాళ్ళ మనసు నొప్పించకూడదని శాసనంలో ఎన్నిసార్లు రాసి ఉందో అంత భక్తురాలికీ గుర్తురాలేదు!

మొదటి క్షమాపణ లియాన్ మోసుకొచ్చాడు. ట్రామ్ దిగి ఇంటికి నడుస్తూ, అమ్మ క్షమించమందని, పాలప్యాకెట్ తెమ్మన్నట్టు చెప్పాడు. తిర్జా కాదంది. లియాన్‌కు కోపం వచ్చింది. ముసలిది పోతోంది, ఒక్కమాట అంటే నీ నోరేమైనా అరిగిపోతుందా అని ఎగిరాడు. వేడుకనాడు తల్లిని ఒక్క మాట అనడానికి రాని నోరు ఈ రోజు ఎంత బాగా లేచిందో! తిర్జాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. తను పంతం పడుతుండగానే అత్తగారు కన్నుమూస్తే, ఆ ప్రార్థన చదవకుండానే పోతే... ఆ పాపం ఎవరిది?

రెండోసారి పెర్లాయే అడిగింది. తిర్జా తడిగుడ్డతో ఆమె మెడ తుడుస్తోంది. కూతురు ఎప్పుడూ చేయని పని అది.

"సరే, తప్పే. అయిపోయిందా?"

"కాలేదు అత్తయ్యా. మీరన్నది నలుగురిలో. అడగడం నాలుగ్గోడల మధ్యా?"

"అబ్బో, శాసనం చదివావే!"

"నాతో చదివించారు. మీకు పుట్టుకతోనే వచ్చేసింది కనుక మీరు చదవలేదు."

పెర్లా నవ్వబోయి దగ్గులో పడింది. తిర్జా వీపు నిమిరింది. దగ్గు ఆగాక ముసలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "మూడోసారి కూడా కాదంటే పాపం నీ నెత్తినే పడుతుంది, అదీ చదివావా?"

"చదివాను" అంది తిర్జా. "అందుకే మూడోసారి బాగా అడగండి."

బుధవారం రోజలిన్ కమిటీ ఊరేగింపుగా వార్డుకొచ్చింది. వార్డులో అందరూ కూర్చునే గదికి కొత్త పేరుపలక బిగించారు. తేనె కేకులు, హెర్రింగ్ చేప ముక్కలు, ఫోటోలు తీసేవాడు, ముత్యాల దండలు. చావుబతుకుల వాళ్ళ గదుల తలుపులు మాత్రం చప్పుడు వస్తోందని మూసేశారు! సేవ చేయడానికి వచ్చినవాళ్ళకు రోగుల మూలుగు అడ్డమైంది.

పెర్లా తనను చక్రాల కుర్చీలో ఆ గదికి తీసుకెళ్ళమని కొడుకుకూ కోడలికీ చెప్పింది. రోజలిన్ మొహం వెలిగిపోయింది, ఫోటోకు తల్లి కూడా దొరికింది కదా. జుట్టు సర్దబోతే పెర్లా ఆ చేతిని తోసేసింది. ఆ కమిటీ ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. అందరూ ఆనాడు ఆ భోజనానికి వచ్చినవాళ్ళే.

"మా మనవడి వేడుకలో నేను డబ్బా తెరిచాను, గుర్తుందా? మీరందరూ దేవుడి మీద భక్తి అనుకున్నారు. భక్తి కాదు, గాడిదగుడ్డూ కాదు. నా కొడుకు దాని వంట తిన్నట్టు నా వంట ఎప్పుడూ లొట్టలేసుకుంటూ తినలేదు. కడుపు మండింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను." ఆమెకు ఊపిరి అందలేదు. "తిర్జా, నీకు అన్యాయం చేశాను. వీళ్ళ ముందు చేశాను. వీళ్ళ ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు."

"అమ్మా, ఇప్పుడిదంతా ఎందుకు..." అని రోజలిన్ నసిగింది. ఫోటోలు ఆపమని ఫోటోల వాడికి కళ్ళతో సైగ చేసింది.

తిర్జా ఇన్నేళ్ళూ ఈ మాట కోసం ఎదురుచూసింది. విన్నాక గెలిచినట్టేమీ అనిపించలేదు. కుర్చీలో చిక్కి సగమైన ఆ మనిషిని చూస్తే గుండె తరుక్కుపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఆచారం ప్రకారం, మూడుసార్లు క్షమించానంది. మూడోసారికి లియాన్ తల దించుకున్నాడు.

"నువ్వేమైనా నన్ను అడగాలా?" అని పెర్లా కూతురివైపు తిరిగింది.

"నేనేం చేశానమ్మా?"

పెర్లా ఆమె కోటును కింది గుండీ నుంచి మెడదాకా చూసింది. "ఏమీ చేయలేదు. నిజమే. వెళ్ళు, నీ అతిథులు ఎదురుచూస్తున్నారు."

గదికి తిరిగొచ్చాక రబ్బీ నోసన్ పుస్తకం తెరిచాడు. రోజలిన్ వెనకాలే వచ్చి గుమ్మంలోనే బావురుమంది. ఏడ్చేవాళ్ళను బయటికి పంపాలి, రోగి గుండె చెదురుతుందని ఆచారం. ఆయన మొహమాటపడుతుంటే పెర్లాయే పంపించేసింది. అక్కను ఓదార్చడానికి లియాన్ కూడా వెళ్ళాడు. తిర్జా కదలబోయింది.

"నువ్వుండు. నాకు చూపు ఆనడం లేదు, పక్కన నిలబడి చదువు."

చాలామంది ఇది చదివి లేచి ఇంటికి వెళ్ళారని రబ్బీ అనబోయాడు. ఇంటికెళ్ళి ఏం చేయాలి, మొదలుపెట్టమంది పెర్లా. తిర్జా ఒక్కొక్క మాటా అందించింది. పెర్లా ఒక్కొక్క మాటా అంది. తిర్జా కళ్ళు మండాయి గానీ ఒక్క చుక్క రాలనివ్వలేదు. చివర, దేవుడు ఒక్కడేననే మాట దగ్గర, కళ్ళు అరచేత్తో కప్పుకోవాలి. పెర్లా చెయ్యి దుప్పటి మీదనుంచి లేవలేదు. తిర్జా తన అరచేతిని అత్తగారి కళ్ళమీద పెట్టింది. ఆ మాట ఇద్దరూ కలిసి అన్నారు.

అయిపోయాక తిర్జా చెయ్యి తీయబోయింది.

"ఉల్లిపాయ కంపు కొడుతోంది" అంది పెర్లా ఆ చేతి కిందనుంచి. "తీయకు, ఉంచు."