రోగి చెప్పింది చెప్పినట్టు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది తల్లి. అందరికంటే ముందు మాట పడేదీ ఆవిడే. కొన్నాళ్ళుగా ఆ మాటలు స్పానిష్ వంకతో పడుతున్నాయి. కూతురు బయటి దేశాల రోగులొచ్చే ఆస్పత్రిలో దుబాసీ ఉద్యోగానికి పరీక్ష రాయబోతోంది. రాయడం అంటే రాయడం కాదు, అంతా నోటితోనే. రోగి స్పానిష్‌లో బాధ చెప్పుకుంటే దాన్ని డాక్టరుకి తెలుగులో చెప్పాలి. ఇంట్లో రోగి వేషం కట్టడానికి జీతం బత్తెం లేకుండా దొరికేది అమ్మ కాక ఇంకెవరు? తండ్రి ఆవిడకి 'పేషెంటుగారు' అని పేరు కూడా పెట్టేశాడు.

"ఊఁ, చెప్పు. ఎక్కడ నొప్పి?" బ్రెడ్డుముక్క నములుతూ అడిగింది కూతురు.

తల్లి సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. "మే దుయెలె అకీ," అని తడిచెయ్యి ఎడమ చంక దగ్గర పెట్టుకుంది. నాకు ఇక్కడ నొప్పి అని దానర్థం.

"కడుపమ్మా, కడుపు! పాఠంలో ఉన్నది కడుపునొప్పి. నీకు కడుపు చంకలో ఉందా?"

"మీ అమ్మ ఒంట్లో పార్టులన్నీ ఇల్లు మారినట్టున్నాయే," అన్నాడు తండ్రి, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

"అది కాదే," అంది తల్లి గొంతు తగ్గించి. "నిజంగానే ఇక్కడేదో గట్టిగా చేతికి తగులుతోంది."

"నాన్నా, విన్నావా? పేషెంటుగారు పాత్రలో లీనమైపోయారు!"

తండ్రీ కూతుళ్ళు పగలబడి నవ్వారు. తల్లి కూడా నవ్వింది. నవ్వకపోతే ముఖం ముడుచుకుందని ఇంకో నాలుగు మాటలు పడాలి. ఆ సంగతి ఆవిడకి కాపురానికొచ్చిన కొత్తలోనే అర్థమైంది.

నిజానికి గట్టిగా తగులుతున్నది చంకలో కూడా కాదు, దానికి కొంచెం ముందు, రొమ్ములో. ఆ మాట ఆవిడ భర్త ముందు ఏనాడూ పైకి అని ఎరగదు. పెళ్ళీడుకొచ్చిన కూతురి ముందు అనడానికీ నోరు రాలేదు. ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఆవిడకి తెలుగులో వచ్చిన జవాబు ఒక్కటే, "ఏం లేదు, అదే తగ్గుతుంది." ఈసారి అది తగ్గలేదు. స్నానం చేస్తున్నప్పుడల్లా చెయ్యి అక్కడికే పోతోంది.

"గడ్డని స్పానిష్‌లో ఏమంటారే?" అని అడిగింది, కూతురు చెప్పులేసుకుంటుంటే.

"నీకెందుకది? పాఠంలో లేదుగా."

"ఊరికే."

"బుల్తో. చాలా? ఇక ఎదురింటావిడ దగ్గరికెళ్ళి డాబు కొట్టుకో."

బట్టలు ఆరేస్తూ ఆవిడ ఆ మాటని పదిసార్లు అనుకుంది. బుల్తో. పసిపిల్లలు ఆడుకునే బొమ్మ పేరులా ఉంది. సిగ్గు వెయ్యలేదు. భయం మాత్రం వేసింది.

సాయంత్రం హాల్లో లాప్‌టాప్ ముందు మాదిరి పరీక్ష పెట్టుకున్నారు. రెండు భాషలూ వచ్చిన టీచరమ్మ తెరమీద డాక్టరు. కుర్చీలో తల్లి రోగి. మధ్యలో కూతురు. తండ్రి సోఫాలో కాళ్ళు చాపుకుని తమాషా చూడ్డానికి కూర్చున్నాడు.

"గుర్తుందిగా?" అంది టీచరమ్మ. "రోగి చెప్పింది చెప్పినట్టు చెప్పాలి. కలపకూడదు, మింగకూడదు. 'ఆమెకి నొప్పిగా ఉందట' అనకూడదు. 'నాకు నొప్పి' అనాలి. ఆ కాసేపూ రోగి గొంతు నీదే."

తర్వాత డాక్టరు గొంతుతో, "ఏమైందండీ?" అని అడిగింది. కూతురు గడగడా ఆ ప్రశ్నని స్పానిష్‌లోకి మార్చింది.

తల్లి పెదవులు తడుపుకుంది. చెయ్యి తనంతట తానే ఎడమవైపు వెళ్ళింది. "తెంగో ఉన్ బుల్తో. అకీ. దెస్దె ఆసె ముచో."

"నాకు నిన్నటినుంచి కడుపునొప్పి," అనేసింది కూతురు పాఠంలో ఉన్నట్టే. అని, తల్లివైపు తిరిగి విరుచుకుపడింది. "ఎన్నిసార్లు చెప్పించానమ్మా! ఒక్క ముక్క నిలవదా నీ బుర్రలో? బయటివాళ్ళ ముందు నా పరువు తీస్తావా? వంటకి పనికిరావు, మాటకి పనికిరావు, ఆఖరికి రోగిగా కూడా పనికిరావు!"

తండ్రి కిసుక్కుమన్నాడు.

"నువ్వు ఫెయిలయ్యావు," అంది టీచరమ్మ.

"అదేనండీ, ఈవిడ తప్పు చెప్పడం వల్లే..."

"ఆవిడ ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు. తప్పు చెప్పింది నువ్వు. ఆవిడన్నదేమిటో ఉన్నదున్నట్టు చెప్పు. నాకు, అని మొదలుపెట్టు."

కూతురికి ఒళ్ళు మండింది. అయినా పరీక్ష పరీక్షే. గొంతు సవరించుకుంది.

"నాకు... ఇక్కడ..." అంటూ తల్లి చెయ్యి ఎక్కడుందో చూసింది. పొద్దున్న తడిగా ఉన్న చెయ్యి అక్కడే ఉంది. నిన్నా అక్కడే ఉంది. కడుపు దగ్గర పెట్టమని తను లాగి సర్దిన ప్రతిసారీ తిరిగి అక్కడికే వెళ్ళింది. "నాకు ఇక్కడ గడ్డ ఉంది. చాలా... చాలా కాలం నుంచి."

సొంత నోటితో అన్నాక గానీ ఆ మాటకి అర్థం తెలియలేదు కూతురికి. సోఫాలో నవ్వు ఆగిపోయింది.

టీచరమ్మ గొంతు మెత్తబడింది, కానీ ప్రశ్న ఆగలేదు. "ఇంట్లోవాళ్ళకి చెప్పారా?"

"సీ," అంది తల్లి.

అవునని. కూతురు నోరు తెరిచింది. కలపడానికీ లేదు, మింగడానికీ లేదు. "చెప్పాను," అంది ఏడుపు గొంతుతో.

"ఏమన్నారు?"

దానికి స్పానిష్ ఆవిడ నేర్చుకోలేదు. భర్తనీ కూతుర్నీ చూడకుండా, తన ఒళ్ళోని చేతులకేసి చూస్తూ తెలుగులోనే చెప్పింది. "నవ్వారు."

దానికి దుబాసీ అక్కర్లేకపోయింది. తండ్రి లేచి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక, టీచరమ్మకి మాటమాత్రమైనా చెప్పకుండా లాప్‌టాప్ మూసేశాడు. "తెల్లారగానే ఆస్పత్రికి వెళ్దాం," అని గోడకి చెప్పినట్టు అన్నాడు. భార్య ముఖంలోకి చూసే ధైర్యం ఆయనకి లేదు.

కూతురు కుర్చీ ముందు కూలబడి తల్లిని రెండు చేతులా చుట్టేసి, తల ఆవిడ గుండెకేసి అదుముకుంది. "అమ్మా, నన్ను చెప్పుచ్చుకు కొట్టు. నాదే తప్పు అమ్మా," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

తల్లి పళ్ళు బిగించి కాసేపు ఓర్చుకుంది. తర్వాత ఓర్చుకోలేదు. కూతురి తలని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పక్కకి జరిపింది.

"అటువైపు కాదే," అంది. "నొప్పి."