వంతెన మీద ఎర్ర మఫ్లర్

"రేపు వంతెన దగ్గర మన ఆఫీసర్ ఒకడు చావాలి. అదీ వాళ్ళ ప్లాన్," అన్నాడు కౌన్సిలర్ ఆల్టెన్‌రోడ్, కాఫీలో చక్కెర కలుపుకుంటూ.

"ఎవరండీ?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానయ్యా?"

డీట్‌మర్ రెంకెన్ హనోవర్ రాజ్యపు రహస్య ఏజెంట్లలో అందరికంటే పాతవాడు. వేషాలు వేసి వేసి సొంత ముఖం అద్దంలో కనిపిస్తే ఒక క్షణం ఆలోచించుకునే స్థితికి వచ్చాడు.

ఏడేళ్ళ క్రితం గొట్టింగెన్ ఊరి జనం రాజ్యాంగం కావాలని తిరగబడినప్పుడు, పొగాకు వ్యాపారి వేషంలో వాళ్ళ మధ్య తిరిగి పేర్లు అందించినవాడు అతనే. తర్వాత రాజ్యాంగం రానే వచ్చింది. దానికి కట్టుబడతానని చెయ్యెత్తి ప్రమాణం చేయమన్నారు. చేశాడు. ఈ ఏడు కొత్త రాజు గద్దెనెక్కి, చలికాలం రాకముందే దాన్ని రద్దు చేశాడు. మళ్ళీ ప్రమాణం చేయమన్నారు, ఈసారి రాజుగారికి. అదీ చేశాడు. గొట్టింగెన్ యూనివర్సిటీలో ఏడుగురు ప్రొఫెసర్లు మాత్రం మొదట చేసిన ప్రమాణం తప్పబోమన్నారు. ఏడుగురి ఉద్యోగాలూ ఊడాయి. ముగ్గురికి దేశబహిష్కారం.

"ఆ ముగ్గురూ రేపు వెర్రా నది దాటి పక్క రాజ్యం హెస్సెలోకి పోతారు," అన్నాడు కౌన్సిలర్. "వాళ్ళను సాగనంపబోయే స్టూడెంట్లకు బళ్ళు అద్దెకివ్వద్దని చెప్పాం. వెధవలు నడిచే పోతున్నారు. ఆ గుంపులోంచి విదేశీ ముఠా మన మనిషిని కాల్చి గొడవ లేపుతుంది. నువ్వు ఆపాలి. ఇది మెళ్ళో వేసుకో. మన ఆశ్విక దళం నిన్ను గుర్తుపట్టడానికి."

అది ఎర్రటి ఉన్ని మఫ్లర్.

"అక్కడ నిన్ను కలిసేది లియొంటీన్. ఆ ముఠాలో మన మనిషి. కోడ్ గుర్తుంచుకో."

మర్నాడు పొద్దున వంతెన పక్క సత్రంలో, పొగాకు పెట్టె భుజాన వేసుకున్న రెంకెన్, నక్కతోలు కోటు తొడుక్కున్న ఒకావిడ ముందు ఆగాడు. పెట్టె అడుగు అరలో రెండు గొట్టాల పిస్తోలు ఉంది.

"గసగసాల రొట్టె దొరుకుతుందాండీ?"

"పెళ్ళిళ్ళకే చేస్తారు," అని కోడ్ పూర్తిచేసి లియొంటీన్ నవ్వింది. "ఇంకా పొగాకేనా రెంకెన్? వేషం మార్చవా?"

"అలవాటైపోయింది. నువ్వు చెప్పు, ఎవరు చావాలి?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "నువ్వే."

రెంకెన్ కూర్చున్నాడు.

"వంతెనకు ఎదురుగా ఉన్న మిల్లు పైకిటికీలో రైఫిల్ పట్టుకుని ఒకడున్నాడు. ఎర్ర మఫ్లర్ వాణ్ణి కాల్చమన్నారు. నేరం స్టూడెంట్ల మీద పడుతుంది. గుర్రాలు వాళ్ళ మీదకు తోలతారు. ఆ తర్వాత ఈ దేశంలో రాజ్యాంగం మాటెత్తేవాడుండడు. మా వాళ్ళకు కావలసిందీ అదే, మీ కౌన్సిలర్‌కు కావలసిందీ అదే. ఇద్దరూ కలిసే చేస్తున్నారు."

"మఫ్లర్ తీసేస్తే?"

"అది కనబడకపోతే దళం కెప్టెన్‌ని కాల్చమన్నారు. మిల్లు తలుపుకు లోపల గడియ."

"నాకెందుకు చెప్తున్నావు?"

"గొట్టింగెన్ గొడవలప్పుడు నన్ను పట్టివ్వకుండా ఊరు దాటించావు. మళ్ళీ అడక్కు, చెప్పానని నాకే చిరాగ్గా ఉంది."

"కౌన్సిలర్ ఎక్కడ?"

"వంతెన మొదట్లో, కర్టెన్లు వేసిన బండిలో. చూసి ఆనందిద్దామని వచ్చాడు."

బయట పాట వినిపించింది. రాత్రంతా మంచులో నడిచొచ్చిన స్టూడెంట్లు ప్రొఫెసర్ల బండి గుర్రాలను విప్పేసి తామే లాగుతున్నారు. రెండు పక్కలా గుర్రాలు, కత్తులు. కెప్టెన్ ముఖంలో నిద్రలేమి తప్ప ఏమీ లేదు.

రెంకెన్ గుంపును తోసుకుంటూ పోయి కర్టెన్ల బండి తలుపు లాగాడు.

"దిగండి కౌన్సిలర్ గారూ."

"నీ చోటు ఇక్కడ కాదు కదయ్యా!"

"మీది కూడా ఇది కాదండీ." చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. మెళ్ళోంచి మఫ్లర్ తీసి, అల్లుడికి చేసే మర్యాదలా కౌన్సిలర్ మెడకు రెండు చుట్లు చుట్టి, కొసలు గట్టిగా పట్టుకున్నాడు. "చలిగా ఉంది. మీకుండనివ్వండి."

ఆల్టెన్‌రోడ్ ముఖం తెల్లబోయింది. మిల్లు కిటికీలో ఇనుప గొట్టం ఇటు తిరుగుతోంది.

"వద్దు! కాల్చకు!" గొంతు చించుకుని అరిచాడు. "పైనున్నవాడా! నేనురా! డబ్బిచ్చింది నేనేరా!"

పాట ఆగిపోయింది. అన్ని తలలూ పైకి తిరిగాయి. కెప్టెన్ మొదట కిటికీలో రైఫిల్‌ను చూశాడు, తర్వాత కౌన్సిలర్‌ను.

"ఎవరితో మాట్లాడుతున్నారండీ?" అని చాలా మెల్లగా అడిగాడు. సమాధానం కోసం ఆగకుండా నలుగురిని మిల్లు తలుపు బద్దలు కొట్టమన్నాడు. రైఫిల్ పేలకుండానే వాడు దొరికిపోయాడు.

రెంకెన్ సత్రం వైపు చూశాడు. లియొంటీన్ కుర్చీ ఖాళీ.

ఒక ఘోరం తప్పింది, అంతే. రద్దయిన రాజ్యాంగం రద్దయ్యే ఉంది. కౌన్సిలర్‌కు మతి చలించిందని రేపు ప్రకటిస్తారు. ఎల్లుండి రెంకెన్ కోసం ఎవరో వస్తారు. అతనికి ఆ ఎవరో ఎలా నడుస్తాడో, ఏ వేషంలో వస్తాడో కూడా తెలుసు. అలాంటివాళ్ళకు తర్ఫీదు ఇచ్చింది తనే.

"పెద్దాయనా, ఊరికే చూస్తావేం? ఓ చెయ్యి వెయ్యి!" అన్నాడు బండి లాగుతున్న స్టూడెంటు.

రెంకెన్ పొగాకు పెట్టె అక్కడే దించి, బండి వెనక చెయ్యి వేసి తోశాడు. చాలా కాలానికి, ఎవరూ చేయమని ఆదేశించని పని. అవతలి ఒడ్డుకు చేరేసరికి రొప్పు వచ్చింది.

హెస్సె కాపలావాడు అతన్ని ఎగాదిగా చూశాడు. "మీరు కూడా ప్రొఫెసరేనాండీ?"

"కాదు బాబూ. వాళ్ళు ఒక్కసారే ప్రమాణం చేశారు. నేను రెండుసార్లు."

"మరేం భయం లేదు, ఇటు వచ్చేశారుగా. మాకు రాజ్యాంగం ఉంది."

"ఎన్నాళ్ళయింది?"

"ఆరేళ్ళండీ," అన్నాడు కాపలావాడు గర్వంగా.

"గట్టిదే," అన్నాడు రెంకెన్, కాలర్ పైకి లాక్కుంటూ. "మాది నాలుగేళ్ళకే పోయింది."