మూడు ఉదయాలుగా పలకని పేరు

మంగతాయారు స్తంభం మీద నాలుగో వరుస కొమ్ములను కడలి వైపు అర వేలెడు తిప్పి, కళ్లు మూసుకుని వింది. మడ అడవి మీద మంచు ఇంకా లేవలేదు. కింద నీళ్లలో, కర్రకాళ్ల మీద నిలబడ్డ ఇళ్లలోంచి పేరుకూతలు మొదలయ్యాయి.

"పేర్ల కొండయ్య."

"కర్రి అచ్చియ్యమ్మ."

ఒక్కో కూతా స్తంభం మీది రెండువందల యాభైఆరు కొమ్ములకూ రవ్వంత తేడాతో చేరుతుంది. ఆ తేడాలను బట్టి, కూత వచ్చిన దారినే కిరణం తిరిగి వెళుతుంది. మాటలూ అందులోనే, ఆ రోజుకు కావలసిన వెలుగూ అందులోనే. పక్కింటికి మాత్రం వినపడేది మాటలను కప్పే వట్టి ముసుగురొద. గోడలకు చెవులుంటాయని పూర్వం జడిసేవారట. ఇప్పుడు గాలికే చెవులు మొలిచాయి కాబట్టి గాలినే కప్పి ఉంచుతున్నారు.

నలభై ఇళ్లలో ముప్ఫైతొమ్మిది పలికాయి.

"నలభయ్యో ఇల్లు మూడో ఉదయం కూడా పలకలేదు," అంది కావలి. స్తంభాన్ని నడిపే యంత్రబుద్ధి అది. దానికి నిద్రా లేదు, మొహమాటమూ లేదు. "పేరు చెప్పకుండా పాత దారిన కిరణం తాగేది దొంగచెవి. జాము పొద్దెక్కగానే అటు శూన్యం పెడతాను."

శూన్యం పెడితే అన్ని కొమ్ముల అలలూ ఆ ఒక్కచోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మాట చేరదు, వెలుగూ చేరదు. ఆ ఇంట్లో ఉన్నది ఓలేటి నాగరత్నం. ఆమె మెడ కింద చర్మంలో గింజంత గుండెపూస ఉంది. అది కిరణం తాగినంతకాలమే ఆమె గుండె లయ తప్పకుండా కొట్టుకుంటుంది. రోజూ తన పేరు కూసేది ఆమె భర్త. అతను చేపల వేటకు వెళ్లి మూడు రోజులైంది, పడవ తిరిగి రాలేదు.

మంగతాయారు ఆ ఇంటికి మాట కలిపింది.

"నాగరత్నమక్కా, ఒక్కసారి మీ ఆయన పేరు అనెయ్. పట్టీలో ఉన్న ఆ పాత పేరు పలికితేనే దాని చోట నీ పేరు ఎక్కుద్ది. లేదంటే పొద్దెక్కేసరికి నీ పూస ఆగిపోద్ది."

"ఆయన పేరు నేనెప్పుడన్నా అన్నానా తల్లీ? పెళ్లాం నోట పేరొస్తే మొగుడికి ఆయుష్షు తరుగుద్దంటారు. ఒడ్డునున్నప్పుడే అన్లేదు. నీళ్లమీదున్నోణ్ణి పట్టుకుని ఇప్పుడంటానా?"

"మరి నీ ఆయుష్షో?"

"అదేం ఉద్ధరించిందని? పోనీ."

మంగతాయారుకు ఒళ్లు మండింది. ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ పాటించాల్సిన ఆచారమా ఇది? కానీ ఆ గొంతులో మొండితనం లేదు. భర్త బతికే ఉన్నాడన్న నమ్మకం ఉంది. అది తెలిశాక మంగతాయారుకు స్తంభం మీది కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

"ఇంకొకరు పలికితే?" అని కావలిని అడిగింది.

"అది పేరుచౌర్యం. ఆ నోటికీ శూన్యమే."

పదకొండేళ్ల కొలువులో మొదటిసారి కూతవేళ స్తంభం దిగి, పడవ విప్పింది. మంచులో ఒక్కో కిరణాన్నీ దాటుతుంటే చేతి కడియం వెచ్చబడి, మళ్లీ చల్లారుతోంది. ఎవరెవరివో మాటలు ఆమె ఒంటిమీదుగానే పోతున్నాయి. ఒక్కటీ ఆమెకు అందలేదు.

నాగరత్నం గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. మూడు రోజులుగా కొత్త కూత లేక కిరణం పలచబడి, పెదవులు నీలంగా ఉన్నాయి. మంగతాయారు ఆమెను దాటి లోపలికి వెళ్లి, కూతగొట్టంలో గట్టిగా పలికింది.

"ఓలేటి సన్యాసిరావు!"

కంచే చేను మేసింది.

"ఇది నీ గొంతు," అంది కావలి.

"నాదే."

"నీ మీద శూన్యం పెట్టాలి."

"పెట్టు. ఈవిడ పక్కనే ఉన్నాను."

ఆ కేక పక్కింటి కొండయ్య చెవిన పడింది. మంచులో పడవ దారి తప్పితే ఒడ్డునున్నవాళ్లంతా పేరు పెట్టి కేకెయ్యడం ఆ వాడలో తాతలనాటి అలవాటు. సన్యాసిరావు పడవ జాడ తెలిసిందనుకున్నాడు కాబోలు, కొండయ్య కూడా తన గొట్టంలో అదే పేరు అరిచాడు. ఆ వెనకే అచ్చియ్యమ్మ. ఆ తర్వాత వాడంతా.

నలభై దారుల్లో ఒకే పేరు వచ్చింది. దొంగ నోరు ఏదో, ఇంటివాడి నోరు ఏదో కావలికి తేలలేదు. ఎటు శూన్యం పెట్టినా ఆ పేరు మీదే పడుతుంది, పట్టీలో ఉండి పలికిన పేరుకు శూన్యం పెట్టడం దానికి కుదరదు. చివరికి కావలి ముసుగు తీసేసి, ఒకే కిరణాన్ని నాలుగు దిక్కులకూ వదిలింది.

నాగరత్నం మెడ కింద పూస పచ్చగా వెలిగింది. మంగతాయారుకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. గొట్టంలోంచి వాడలోని మాటలన్నీ ఒక్కసారిగా వినపడుతున్నాయి. ఎవరో కూర అడుగంటిందంటున్నారు, ఎవరో నవ్వుతున్నారు.

"ఇప్పుడు అడ్డేం లేదక్కా," అంది మంగతాయారు. "సముద్రం మీద పడవలక్కూడా వినపడుద్ది."

నాగరత్నం గోడ పట్టుకుని లేచి గొట్టం దగ్గరికి వచ్చింది. కావలి దగ్గరున్న ఏ పట్టీలోనూ లేని పేరుతో పిలిచింది.

"ఏవయ్యోయ్! చేప పడకపోతే పోయింది. ఇంటికొచ్చెయ్."