దొంగ వదిలిన మూడు ఫారాలు

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి స్టీలు బీరువా తెరిచి చూస్తే సర్వే ఫారాల కట్ట లేదు.

మొత్తం నూట నలభై ఇళ్ల ఫారాలు. నూట ముప్ఫై ఏడు మాయం. మూడు మాత్రం ఖాళీ అరలో, క్లిప్పు పెట్టి మరీ, పద్ధతిగా ఉన్నాయి.

రెండున్నరకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కాగితాలు పోతే పోలీసులెందుకని దారంతా సణుక్కుంటూనే వచ్చాడు. పోయినవేమిటో విన్నాక సణుగుడు ఆపేశాడు.

ప్రజారోగ్య పథకాలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో కొలవడం ఆ ఆఫీసు పని. ఈసారి బీపీ మాత్రల పథకం వంతు. వార్డులో బీపీ ఉన్న ప్రతి ఇంటికీ ఆరోగ్య కార్యకర్త వారం వారం వెళ్లి మాత్రలు ఇచ్చి వస్తుంది. వాళ్లు రోజూ వేసుకుంటున్నారా అన్నదే, మచ్చుకి ఒక్క వార్డులో చేసిన ఈ సర్వేలో అసలు ప్రశ్న. గురువారం రిపోర్టు వెళ్లాలి. బాగుందంటే పథకం మరో నలభై వార్డులకు పాకుతుంది. లేదంటే ఇప్పుడు నడుస్తున్న ముప్ఫై వార్డుల్లోనూ ఆగిపోతుంది, వార్డుకొకరు చొప్పున ముప్ఫై మంది కార్యకర్తలు ఇంటికి పోతారు.

"ఏం తేలింది సర్వేలో?" ఆఫీసు పెద్ద అయిన డాక్టరమ్మని అడిగాడు.

"నూట ముప్ఫై ఏడు మంది రోజూ వేసుకుంటున్నామన్నారు. ముగ్గురు లేదన్నారు. నిన్న నేనే చేత్తో లెక్కపెట్టాను. రేపు కంప్యూటర్లోకి ఎక్కించాలి."

"బీరువా తాళంచెవి?"

"తలుపు వెనక మేకుకి ఉంటుంది."

"అందరికీ తెలుసా?"

"అందరికీ."

"మరి తాళం వెయ్యడం దేనికండీ?"

"ఆడిట్ వాళ్లు అడుగుతారని."

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "సర్వే చేసిన అమ్మాయి మీదే నా అనుమానం. ఇళ్లకి వెళ్లకుండా ఎక్కడో నీడపట్టున కూర్చుని నింపేసి ఉంటుంది. బయటపడుతుందని మాయం చేసింది. ఇందాక బ్యాగ్ కూడా వెతికించాను."

బ్యాగులోంచి తీసినవి ఇంకా బల్ల మీదే ఉన్నాయి. గొడుగు, నీళ్ల సీసా, పళ్లు విరిగిన దువ్వెన, సగం తిన్న టిఫిన్ డబ్బా. పదిమంది ముందూ తన డబ్బా తెరిచి చూశారన్న అవమానంతో ఆ అమ్మాయి తలెత్తడం లేదు.

"ఇళ్లన్నీ తిరిగావా అమ్మా?"

"రెండు జతల చెప్పులు అరిగాయి సార్."

"కొత్త వార్డు కదా. ఇళ్లెలా దొరికాయి?"

"మాత్రలిచ్చే కార్యకర్త, అందరూ మాత్రలక్క అంటారు, ఆమే చూపించింది. గుమ్మం దాకా తీసుకెళ్లి, మన అమ్మాయే, చెప్పండి అనేది."

"ఆ తర్వాత?"

"నేను రాసుకునేంతసేపూ పక్కనే నిల్చునేది. పాపం, ఎండలో."

ఇన్‌స్పెక్టర్ మూడు ఫారాలూ చేతిలోకి తీసుకున్నాడు. ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది, తొంభై నంబర్లు. మూడింటి మీదా పద్నాలుగో తారీఖే. మూడింటిలోనూ జవాబు ఒకటే: లేదు.

"పద్నాలుగున మూడిళ్లేనా?"

"అక్క సెలవు పెట్టింది సార్. వాళ్ల పాపకి జ్వరం. చూపించేవాళ్లు లేక మూడే దొరికాయి."

గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం తిప్పాడు. మాత్రలక్క ఒంటిగంటా ఇరవైకి లోపలికి, ఒంటిగంటా నలభై అయిదుకి బయటికి. అందరూ వెనక గదిలో భోజనాలు చేసే వేళ.

"రిజిస్టర్ ఇచ్చి పోవడానికి వచ్చింది సార్. రోజూ వచ్చే మనిషే కదా అని నేనేం చూడలేదు," అన్నాడు వాచ్‌మన్, తప్పంతా తనదే అయినట్టు.

నాలుగింటికి అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. కబురు పెడితే మాత్రలక్క కూడా వచ్చింది. ఆ వార్డులో ఆమె ఎక్కని గడప లేదు. ఇన్‌స్పెక్టర్ ఇంకా నోరు విప్పనేలేదు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె మాత్రల సంచీని ఒళ్లోకి లాక్కుంది. అతను చూశాడు, చూడనట్టే ఊరుకున్నాడు.

"కంగారులో మూడు కాగితాలు జారిపోయాయని మీరనుకుని ఉంటారు. జారినవి నేల మీద పడతాయి, క్లిప్పు పెట్టుకుని కూర్చోవు. పైగా ఇవి కట్ట మధ్యలోవి. తీరిగ్గా ఏరి వదిలారు. ఈ మూడే నిజం, మిగతావి కావు అని తెలిసిన మనిషి."

"అంటే ఈ అమ్మాయి ఇళ్లకి వెళ్లలేదనేగా?" అంది డాక్టరమ్మ.

"వెళ్లింది. అడిగింది. వాళ్లు చెప్పిందే రాసింది. అబద్ధం చెప్పింది ఇళ్లవాళ్లు. అక్క ఎదురుగా నిల్చుంటే ఎవరు లేదంటారు మేడమ్? అక్క రాని రోజు అడిగిన ముగ్గురూ లేదన్నారు."

మాత్రలక్క సంచీలోంచి కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఆదివారం దర్జీ మామయ్యకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. పక్క సర్దుతుంటే పరుపు కింద పదకొండు షీట్ల మాత్రలు. ఒక్కటీ చింపలేదు. మరి సర్వేలో రోజూ వేసుకుంటున్నానన్నాడు కదా అని అత్తయ్యని అడిగాను. కళ్లు తిరుగుతున్నాయని ఎప్పుడో మానేశాడే, నువ్వు మూడంతస్తులెక్కి వస్తావు, నీ మొహం చూసి లేదని ఎలా చెప్పమంటావు అంది."

ఆమె సంచీ మూతి ముడి వేసింది.

"అందరూ నవ్వుతూ కూర్చోమంటే, నేనంటే ఎంత అభిమానమో అని మురిసిపోయాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఆయన చెయ్యి పోయింది నా వల్లే."

"నాతో చెప్పొచ్చుగా?" అంది డాక్టరమ్మ.

"చెబితే ముప్ఫై మంది వీధిన పడతారు. చెప్పకపోతే నలభై వార్డుల్లో ఇలాగే పరుపుల కిందకి చేరతాయి. ఫారాలు లేకపోతే మళ్లీ అడుగుతారు కదా, ఈసారి నేను పోకుండా ఉంటే చాలనుకున్నాను. అది ఈ అమ్మాయి మీద పడుతుందని తట్టలేదు మేడమ్."

డాక్టరమ్మ కట్టని తన వైపు లాక్కుంది. ఇరవై ఏళ్ల సర్వీసు ఆమెది. ఇల్లు చూపించమని మనిషిని తోడు పంపింది తనే. ఎవరూ లేనిచోట విడిగా అడిగామని రిపోర్టులో రాసిపెట్టిందీ తనే.

"గురువారం రిపోర్టు వెళ్లదు. జరిగింది జరిగినట్టు రాసి పంపుతాను. పథకం ఆపేస్తే నేనే జవాబు చెప్పుకుంటాను," అంది. లేచి, బల్ల మీది గొడుగు, సీసా, దువ్వెన, డబ్బా ఒక్కొక్కటే అమ్మాయి బ్యాగులో సర్దింది. క్షమించమన్న మాట మాత్రం పెదవి దాటి రాలేదు.

"ఒక్కటి చెప్పండి ఇన్‌స్పెక్టర్ గారూ. మూడు కాగితాలు చూసి నేనైతే ఏదీ తేల్చను. అందరూ మొహమాటానికి అబద్ధమాడారని మీకంత నమ్మకం ఎలా కుదిరింది?"

అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నలభై ఒకటో నంబరు చూడండి."

కట్టలోంచి తీసి చదివింది. వృత్తి, పోలీసు. మాత్రలు రోజూ వేసుకుంటారా? అవును.

మాత్రలక్క అతని వంక చూసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది ఇన్‌స్పెక్టర్‌కి.

"నేను బయట ఉంటాను మేడమ్. అన్నయ్యతోనే మొదలుపెట్టండి," అని వెళ్లి, తలుపు దగ్గరికి లాగింది.

సర్వే అమ్మాయి ఖాళీ ఫారం తీసుకుంది.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నారా సార్?"

ఇన్నేళ్లలో ఎంతమందిని ప్రశ్నలతో కుళ్లబొడిచాడో లెక్కలేదు. ఇప్పుడు మూసిన తలుపు వైపు చూశాడు. అవతలికి వినపడకూడదని గొంతు బాగా తగ్గించి, "లేదమ్మా" అన్నాడు.