ఎర్రమన్ను పూసిన కుండీలు

“ఆ గడ్డి మన ఆవు తినిందంటే ఏమవుతాదో ఏమో,” అంది సొన్నమ్మ. అప్పటికి కుండీల్లో విత్తనం కూడా పడలేదు.

“బూజు పట్టిన ఎండుగడ్డి తింటేనే నెత్తురు పల్చబడేది. పచ్చిది ఏం చెయ్యదు లేమ్మా,” అంది కూతురు రమ్య. సొన్నమ్మకు నెత్తురన్న మాటొక్కటే వినబడింది.

యలహంకలో వాళ్ళ పెరటి నిండా ఎనిమిది కుండీలు. రమ్య, ఆమెతో అగ్రికల్చర్ ఎమ్మెస్సీ చదివే గిరీష్ కలిసి వాటిలో స్వీట్ క్లోవర్ అనే పశువుల మేతగడ్డి వేశారు. నాలుగింట్లో తెల్లపూల రకం, నాలుగింట్లో పసుపుపూల రకం. రెండూ మెంతికూరలా మూడేసి ఆకులు వేసేవే. పూసేదాకా ఏది ఏదో తెలియదని కుండీల మీద సుద్దముక్కతో రాసుకున్నారు.

ఆ రోజే గిరీష్ రమ్య దగ్గర తమ పెళ్ళి మాట ఎత్తాడు. “ఈ రెండు రకాలూ పూసి తేలనీ, చెప్తా,” అంది రమ్య. వంటింటి కిటికీలోంచి విన్న సొన్నమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. మొక్కలు ఎండిపోతే?

శివరాత్రి ముందు ఆమె తులసికోటతో పాటు ఎనిమిది కుండీలకూ ఎర్రమన్ను పూసింది. ఎండకు వాడతాయని వాటిని అటూ ఇటూ జరిపింది కూడా. సుద్దరాతలు మాయం.

“పొడుగువి తెల్లవి. రాసుకో,” అన్నాడు గిరీష్.

“కొళాయి పక్కనుంటే ఏదైనా పొడుగవుతాది. నీది సైన్సా, సోదా?” అంది రమ్య.

“మూడు నెలల డేటా పోయింది. మీ అమ్మకు ముందే చెప్పుండొచ్చు కదా?”

పొద్దున్నుంచీ అమ్మను తానే సాధించిన రమ్య గయ్యిమంది. “మా అమ్మనేమన్నా అన్నావంటే గేటు అక్కడుండాది.”

గిరీష్ వెళ్ళిపోయాడు. పది రోజులు రాలేదు. రమ్య ఫోన్ చెయ్యలేదు. “తప్పు నాది, అలక మీది. గడ్డికోసరం ఇంత రాద్ధాంతమా?” అని సొన్నమ్మ తల బాదుకుంది.

పదకొండో రోజు నాలుగు కుండీల్లో పసుపు పూలు. సొన్నమ్మ చెప్పులు కూడా మరిచి కాయిన్ బాక్స్ ఫోన్ దగ్గరికి నడిచి గిరీష్‌కు ఫోన్ చేసింది. “వచ్చి చూడప్పా. మళ్ళీ ఏ గాలివానో వస్తే నా వల్ల కాదు.”

గిరీష్ గంటలో వచ్చాడు. కుండీలు చూశాడు, తల గోక్కున్నాడు. “నేను తెల్లవన్న పొడుగువే పసుపువి. ఆంటీ, ఆ రోజు నోరు జారినా.” తర్వాత రమ్య వైపు తిరిగాడు. “మిగిలిన నాలుగూ తెల్లవేగా. రెండూ తేలినాయి. ఇంక చెప్పు.”

రమ్య ఒక పువ్వు తుంచింది, వాసన చూసింది, నోట్‌బుక్ తెరిచి మూసింది. కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. కాదంటుందేమోనని సొన్నమ్మ ఉండబట్టలేక ముందుకొచ్చింది.

“ఏందో ఒకటి అనమ్మా. ఎండలో నిలబడుండాడు, కళ్ళు తిరిగి పడితే వాళ్ళమ్మకు ఎవురు చెప్పేది?”

రమ్య తల ఎత్తకుండానే అంది:

“ఆదివారం మీ అమ్మా నాయనను పిలుచుకోని రా. ఈసారి సుద్ద వద్దు, పెయింట్ డబ్బా తే.”